వెనక సీటు మాట కూడా వినాలి

పట్టుచీర కొనేటప్పుడు అంచు తిప్పి చూస్తాం. కుక్కరు కొంటే ఎన్ని లీటర్లదో, దాని రబ్బరు ఎక్కడ దొరుకుతుందో అడిగి మరీ కొంటాం. బియ్యం బస్తా విప్పి నాలుగు గింజలు నోట్లో వేసుకోనిదే డబ్బులివ్వం. అలాంటి మనం వేలకు వేలు పోసి కారుకు టైర్లు వేయించే రోజున మాత్రం "అదంతా ఆయన చూసుకుంటారులే" అని ఊరుకుంటాం. తీరా ఆ టైర్ల మీద ప్రయాణం చేసేదెవరు? ముందు సీట్లో ఆయనుంటే, వెనక సీట్లో మనం, అత్తగారు, ఒళ్లో పిల్లలు. వెనక చక్రాలు దాదాపు మన కిందే ఉంటాయి గనక గతుకు దెబ్బ ముందు మనకే తగులుతుంది. అందుకే ఈ వారం టైర్ల గురించి నాలుగు మాటలు చెప్పుకుందామనుకున్నాను.

మా పరవాడ వైపు కారులో వెళ్లినవారికి ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. సింహాద్రి విద్యుత్ కేంద్రం, ఫార్మా సిటీ వచ్చాక ఈ రోడ్ల మీద లారీలకూ ట్యాంకర్లకూ కంపెనీ బస్సులకూ లెక్కే లేదు. అంత బరువు కింద ఏ రోడ్డైనా ఎన్నాళ్లు నునుపుగా ఉంటుంది? నెలలు నిండుతున్న కూతుర్ని విశాఖ ఆస్పత్రికి తీసుకెళ్లాలంటే లంకెలపాలెం దగ్గర జాతీయ రహదారి ఎక్కేదాకా తల్లి ప్రాణం అరచేతిలోనే ఉంటుంది. రోడ్డు బాగుచేయడం మన చేతుల్లో లేదు. టైరు ఎంచుకోవడం మాత్రం మన చేతుల్లోదే.

ఒకసారి మీ కారు దగ్గరికెళ్లి టైరు పక్క భాగం చూడండి. అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసి ఒక వరస ఉంటుంది. ఉదాహరణకు 185/65 ఆర్ 15 88 హెచ్. ఇందులో 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం అని. ఆర్ అంటే రేడియల్ రకం. 15 అంటే చక్రం 15 అంగుళాలది. 88 అన్నది బరువు లెక్క, ఒక్కో టైరు 560 కిలోల దాకా మోయగలదని. ఇక చివరనున్న హెచ్ అనే అక్షరమే వేగం లెక్క.

ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్లు, టి అంటే 190, హెచ్ అంటే 210, వి అంటే 240, డబ్ల్యూ అంటే 270. మన పక్కనే అచ్యుతాపురంలో 2022 ఆగస్టులో యొకొహామా వారి ఫ్యాక్టరీ మొదలైంది గదా. అది మొదలైంది పొలాల్లోనూ పెద్ద పెద్ద పనుల దగ్గరా తిరిగే బండ్ల టైర్ల కోసం. పొలం టైర్లకూ ఇలాంటి గుర్తులే ఉంటాయి. ట్రాక్టరు టైరు మీద ఏ8 అని ఉంటే గంటకు 40 కిలోమీటర్లని అర్థం. ఏ బండి పనికి తగ్గ అక్షరం ఆ బండిది. ఇందులో గొప్పా తక్కువా ఏమీ లేదు.

అక్షరం మారితే కూర్చున్నవాళ్ల నడుముకేం సంబంధం అంటారా? ఉంది. తడిగుడ్డను గిరగిరా తిప్పితే నీళ్లు బయటికి చిమ్ముతాయి చూడండి, వేగంగా తిరిగే టైరు కూడా అలాగే బయటికి సాగాలని చూస్తుంది. పైగా బాగా వేడెక్కుతుంది. దాన్ని ఆపడానికి లోపలున్న ఉక్కు తీగల పట్టీల మీద నైలాను పట్టీలు బిగించి చుడతారు. చాలా రకాల్లో పక్కగోడనూ గట్టిపరుస్తారు. నవారు మంచం సంగతి మనకు తెలిసిందే. నవారు బిగించి అల్లితే మంచం కుంగదు, కానీ పడుకుంటే గట్టిగా తగులుతుంది. పెద్ద అక్షరం టైరూ అంతే. మలుపులో బండి గట్టిగా నిలబడుతుంది, స్టీరింగు చెప్పినట్టు వింటుంది. గతుకు వచ్చినప్పుడు మాత్రం తాను మింగాల్సిన దెబ్బలో కొంత మనకు పంచుతుంది.

మన దేశంలో 2018లో కేంద్రం కార్లకు నిర్ణయించిన గరిష్ఠ వేగం ఎక్స్‌ప్రెస్ వేల మీద 120, మధ్యలో డివైడరుండే నాలుగు వరుసల రోడ్ల మీద 100. ఊళ్లలో 70. అనకాపల్లి నుంచి ఆనందపురం దాకా ఆరు వరుసల రోడ్డు ఎంత బాగున్నా 240 మీద వెళ్లేవారెవరూ ఉండరు, ఉండకూడదు కూడా. మరి మన చిన్న కారుకు వి అక్షరం ఎందుకు?

మా వీధిలో ఒక పిన్నిగారి కారుకు పోయినేడు టైర్లు మార్పించారు. కంపెనీ వేసిచ్చిన అక్షరం ఎస్. దుకాణంలో "వి వేయించుకోండి సార్, టాప్ క్వాలిటీ" అన్నారట. బాబాయిగారు ఎక్కువ డబ్బిచ్చి అవే వేయించారు. వారం తిరక్కుండా పిన్నిగారు నడుం పట్టేసిందన్నారు. ఇంట్లో వాళ్లేమన్నారో తెలుసా? "వయసు మీద పడుతోంది గదా!" అని. ఆవిడ ఊరుకోక పెట్రోలు బంకులో గాలి చూపిస్తే 40 ఉంది. ఆ కారు తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసింది 32. దాని ప్రకారం సరిచేయించాక దెబ్బ సగానికి సగం తగ్గింది. మిగతాది టైరు బిగువు. అది అరిగేదాకా భరించాల్సిందే. ఇక్కడ నన్ను బాధపెట్టింది డబ్బు దండగ కాదు. వెనక సీట్లో కూర్చున్న మనిషి "తేడాగా ఉంది" అంటే అది వయసు జబ్బు అని కొట్టిపారేయడం. ఆవిడ నడుము చెప్పింది నిజమేనని గాలి మీటరు తేల్చింది.

అలాగని సుఖం కోసం కంపెనీ చెప్పినదానికంటే చిన్న అక్షరం టైరు వేయించకండి. అది మహా ప్రమాదం. ఆ అక్షరం వేగానికే కాదు, వేడికి తట్టుకునే బలానికి కూడా గుర్తు. మన ఎండల్లో, ఇంటిల్లిపాదీ ఎక్కి డిక్కీ నిండా సామాను పెట్టుకుని వెళ్లే ప్రయాణంలో ఆ బలం అక్కరకొస్తుంది. కారును తయారు చేసినవారు దాని బరువు, బ్రేకులు, వేగం అన్నీ చూసే ఆ అక్షరం నిర్ణయిస్తారు. పైగా ఆ లెక్క గాలి సరిగ్గా ఉన్న మంచి టైరుకే. గాలి తగ్గినా, గోడ ఉబ్బినా, కోత పడినా ఏ అక్షరమూ కాపాడదు. నాలుగింటిలో ఒకటి చిన్న అక్షరమైతే మొత్తం కారు హద్దు దానిదే.

అక్షరం ఒక్కటే సుఖాన్ని తేలుస్తుందా అంటే కాదు. పక్కగోడ ఎత్తు అంతకంటే ముఖ్యం. కుర్రాళ్లు ముచ్చటపడి పెద్ద అల్లాయ్ చక్రాలు అడుగుతుంటారు. 185/65 ఆర్ 15 తీసి 195/55 ఆర్ 16 వేస్తే పక్కగోడ ఎత్తు 120 మిల్లీమీటర్ల నుంచి 107కి పడిపోతుంది. అంటే అరంగుళం మెత్తదనం పోయిందన్నమాట. బండి చూడముచ్చటగానే ఉంటుంది, కానీ ప్రతి గొయ్యీ అమ్మమ్మగారి వెన్నుపూసకు తెలుస్తుంది. పిల్లల్ని కోప్పడనక్కర్లేదు, "ముందు అమ్మమ్మని వెనక కూర్చోబెట్టి ఓ చుట్టు తిప్పి చూపించు" అంటే చాలు.

ఇక దుకాణానికి వెళ్లినప్పుడు ఏం అడగాలి? వెళ్లే ముందే డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు చూసి కొలత, గాలి ఎంతో రాసుకోండి. అక్షరం కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ కొలత, ఆ బరువు లెక్క, ఆ అక్షరం ఉన్నవే అడగండి. పైది అంటగడుతుంటే "దీనివల్ల వెనక కూర్చునేవాళ్లకేం లాభం బాబూ?" అని అడగండి. ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడండి. టైరు గోడ మీద చివర నాలుగంకెలు తయారీ తేదీ. 1425 అని ఉంటే 2025లో 14వ వారమని. ఏళ్ల తరబడి పడి ఉన్న టైరు రబ్బరు గట్టిపడుతుంది, వద్దనండి. గాలి పొద్దున్నే, బండి తిరగకముందు చూపించాలి. వేడెక్కిన టైరులో అంకె పెరిగి కనిపిస్తుంది, దాన్ని చూసి గాలి తీసేయించకూడదు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చిందంటే ఆ టైరు మార్చేయాల్సిందే.

ఇవేవీ ఇంజనీరింగు చదివితేగానీ తెలియని విషయాలు కావు. చీటీపాట లెక్కలు నోటిమీద చెప్పే మనకు తొమ్మిది అంకెలూ రెండక్షరాలూ ఒక లెక్కా? కారులో సుఖమంటే నడిపేవాడి సరదా మాత్రమే కాదు, కూర్చున్న ప్రతి ఒంటికీ సంబంధించింది. వచ్చే నెల ఇంట్లో టైర్ల మాట వస్తే వంటింట్లోంచి ఓ నిమిషం ఇవతలికి రండి. "అక్షరం ఏది వేయిస్తున్నారు?" అని ఒక్క మాట అడగండి. సమాధానం రాకపోతే, ఆ బేరానికి మీరూ వెళ్లండి.