ఏకాదశి ఉపవాసం, నోబెల్ బహుమతి, మతిమరుపు

వాట్సాప్‌లో తెగ తిరిగే ఫార్వర్డ్ ఒకటుంది, మీ ఫ్యామిలీ గ్రూపులోకీ వచ్చే ఉంటుంది. ఉపవాసం ఉంటే కణాలు తమలోని చెత్తని తామే తినేస్తాయట, అది కనిపెట్టిన జపాన్ సైంటిస్టుకి నోబెల్ వచ్చిందట, కాబట్టి ఏకాదశి ఉపవాసం ఉంటే అల్జీమర్స్ రాదట. మాది శ్రీకూర్మం. కూర్మనాథుడి గుడి ఉన్న ఊళ్ళో ఏకాదశికి ఉపవాసం ఉండే పెద్దవాళ్ళకి కొదవా? భక్తితో ఉండేవాళ్ళతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ "కాబట్టి"తోనే.

ముందు నిజమెంతో చూద్దాం. యోషినోరి ఓసుమికి 2016లో ఆటోఫజీ మీద పరిశోధనకే నోబెల్ వచ్చింది. కానీ ఆయన పస్తు పెట్టింది మనుషుల్ని కాదు, ఈస్టుని. కణం పాడైన ప్రోటీన్లని ఒక సంచిలో మూటకట్టి లైసోజోమ్‌కి అప్పజెబుతుంది. అక్కడి ఆమ్లంలో ఎంజైములు వాటిని ముక్కలు చేస్తాయి. ఆ ముక్కల్ని కణం మళ్ళీ వాడుకుంటుంది.

మరి అల్జీమర్స్‌లో చెడేదేమిటి? అమిలాయిడ్ బీటా ఎక్కువ తయారవడమే కారణమని చాలామంది అనుకుంటారు. 2010లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు 12 మంది పేషెంట్లనీ, జబ్బు లేని మరో 12 మందినీ పోల్చి చూశారు. తయారీ వేగం ఇద్దరిలోనూ దాదాపు ఒకటే. పేషెంట్లలో బయటికి పోయే వేగం మాత్రం 30 శాతం దాకా తక్కువ. 2022లో న్యూయార్క్‌లో రాల్ఫ్ నిక్సన్ బృందం ఎలకల్లో ఇంకో సంగతి చూసింది. మెదడులో అమిలాయిడ్ గడ్డలు కనిపించకముందే నాడీకణాల లైసోజోముల్లో ఆమ్లం తగ్గిపోతోంది. అరగని మూటలతో కణం ఉబ్బిపోతోంది.

మన భాషలో చెప్పాలంటే, క్యూ నిండిపోయింది, కన్స్యూమర్ హ్యాంగ్ అయింది. అలాంటప్పుడు ప్రొడ్యూసర్ స్పీడు పెంచితే ఏమవుతుందో ప్రొడక్షన్ సపోర్ట్ చేసిన ఎవర్నయినా అడగండి. ఫార్వర్డ్ చెప్పేదంతా మూటలు కట్టడం గురించే, అరిగించడం గురించి కాదు. అలాగని ఉపవాసం చెడ్డదని నేననట్లేదు. మనుషుల్లో అది అల్జీమర్స్‌ని ఆపుతుందని ఋజువు కాలేదు, అంతే.

"పోనిద్దూ, నష్టమేముంది?" అంటారా? ఉంది. ఇన్సులినో, గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రలో వాడే 70 ఏళ్ళ అమ్మ మెదడు కోసమని పూటలు మానేస్తే షుగర్ పడిపోతుంది. కళ్ళు తిరిగి పడితే తుంటి విరుగుతుంది. డల్లాస్‌లో కూర్చున్న మనం "నోబెల్" అన్న మాట చూసి ఫార్వర్డ్ కొట్టేస్తాం. అక్కడ అమ్మ "మా గుంటడు పంపినాడు" అని నమ్మేస్తుంది. ఇంజినీరు కొడుకు మాటకి ఊళ్ళో అంత విలువుంది మరి.

ఆ విలువని వేరే పనికి వాడదాం. 2024లో లాన్సెట్ కమిషన్ డిమెన్షియాకి దారితీసే 14 కారణాలు చెప్పింది. అవన్నీ సరిచేయగలిగితే దాదాపు 45 శాతం కేసుల్ని ఆపడమో, వాయిదా వేయడమో వీలవుతుందని అంచనా. బీపీ, షుగర్, వినికిడి, చూపు, ఒంటరితనం అన్నీ అందులోవే. కాబట్టి ఇంటికి బీపీ మెషిన్ కొనండి. నాన్నకి చెవి మిషను పెట్టించండి. శుక్లాల ఆపరేషన్ వాయిదా వెయ్యకండి. మరిచిపోతున్నారంటే "వయసు కదా" అని వదిలెయ్యకుండా బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించి న్యూరాలజిస్టుకి చూపించండి.

ఉపవాసం అంటారా, దేవుడి కోసం ఉంటే ఉండనివ్వండి. మాత్రల సంగతి మాత్రం ముందు డాక్టర్ని అడగమనండి. ఏమంటారు?