పని నేర్చినవానికి మార్కులు వేయునదెవరు?

మన కళాశాలలలో నిపుడొక క్రొత్త తంతు ప్రబలుచున్నది. విద్యార్థి కచేరికో, కర్మాగారమునకో, ఆసుపత్రికో పోయి కొంతకాలము పని నేర్చి రావలెను. దీనికి ఇంటర్న్‌షిప్పు అని పేరు. ఆ నేర్చిన పనిని తూచుటకు కళాశాలలు కంప్యూటరు ఏర్పాట్లు చేసికొనుచున్నవి. విద్యార్థి సెల్‌ఫోనులో హాజరు నొక్కును. వారమునకొక నివేదిక ఎక్కించును. పని చూపిన పెద్దమనిషి అయిదు నక్షత్రములలో కొన్నిటిని వెలిగించును. యంత్రము కూడిక చేసి యొక యంకె పలుకును. ఆ యంకెయే విద్యార్థి యోగ్యత యట! మేము యంత్రద్వేషులము కాము. ఈ త్రాసులో పెట్టి తూచుచున్న వస్తువేది యని మాత్రమే యడుగుచున్నాము.

పని చేయుచు నేర్చుట మనకు పరాయి విద్య కాదు. 1910లో బందరున వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల పుస్తకముతో బాటు చేతిపనిని నేర్పినది. 1937 అక్టోబరులో వార్ధాయందు గాంధీమహాత్ముని యధ్యక్షతను జరిగిన విద్యాసభ, చేతిపని విద్యకు నడుమ నుండవలెనని తీర్మానించినది. ఇటీవల 2019లో అఖిలభారత సాంకేతిక విద్యామండలి యీ శిక్షణకొక విధానమును ప్రకటించినది. ఆంధ్రప్రదేశ ఉన్నతవిద్యామండలి 2020–21 పాఠ్యప్రణాళికలో డిగ్రీ విద్యార్థులకు పదినెలల శిక్షణను నిర్బంధము చేసినది. ఉద్దేశము మంచిది, దానిని మేము మనసార హర్షించితిమి. కాని నిర్బంధమైన దానికి మార్కు తప్పినచో పట్టాయే చిక్కును. ఆ పట్టాకొరకు పొలము కుదువబెట్టిన తండ్రు లీ నాట నెందరో యున్నారు. కావున మార్కు వేయు విధము చిన్నవిషయము కాదు.

నిబంధనలు గ్రుడ్డివా యన్నచో, కావు. 2008 నాటి బారుకౌన్సిలు న్యాయవిద్యా నిబంధనలను చూడుడు. మూడేండ్ల కోర్సువానికి పన్నెండు వారములు, అయిదేండ్ల కోర్సువానికి ఇరువది వారములు శిక్షణ యుండవలెను. విద్యార్థి దినచర్యపుస్తకము వ్రాయవలెను. దానిని పని చూపినవారును, కళాశాల అధ్యాపకుడును ప్రతిపర్యాయము పరిశీలింపవలెను. సాంకేతిక విద్యామండలి విధానమున మూడు మెట్లున్నవి: పని యిచ్చినవారి యభిప్రాయము, అధ్యాపకుడు స్వయముగా పనిస్థలమునకు పోయి చూచుట, కళాశాలలో మౌఖిక పరీక్ష. ఇందు మూడింటను మనుష్యుడు మనుష్యుని కంటితో చూడవలసియున్నది. మేము చూచిన కంప్యూటరు ఏర్పాటు లీ మూడు మెట్లను మూడు బొత్తాములుగా మార్చివైచినవి. సులభముగా లెక్కకు వచ్చునది నిలిచినది. లెక్కకు రానిది జారిపోయినది.

మా యెదుట జరిగిన దొకటి చెప్పెదము. న్యాయశాస్త్రము చదువు నొక కుఱ్ఱవాడు నెలదినములు మా గదిలో పని నేర్చెను. ఒకనాడు మాతో మండలపు కోర్టునకు వచ్చి, భూతగాదాలో నొక ముదుసలి వాది చెప్పిన గాథను రెండుగంటలు విని, తేదీల వరుసను వ్రాసి యిచ్చెను. ఆ వరుసలో మా కంటబడని యొక తప్పు బయటపడినది. ఆ యూర ఫోనుకు సంకేతము లేదు. అతని కళాశాల పోర్టలు ఆ దినమును గైరుహాజరుగా గట్టినది. మరునా డతడు పనిలేక మా బల్లయొద్ద పగలంతయు గూర్చుండెను; ఆ దినమునకు పూర్తిహాజరు! “అయ్యా, నిన్నటి పనికి సున్న, నేటి కూర్చున్నదానికి మార్కు” అని యతడు నవ్వెను. మాకు నవ్వు రాలేదు.

ఇక రెండవ దురాచారము. ఇంటినుండి కదలకుండగనే శిక్షణ పూర్తియైనదని పత్రమిచ్చు అంగళ్లు వెలసినవి. రుసుము చెల్లించిన చాలును. యంత్రమునకు కావలసినది తగిన పరిమాణముగల యొక ఫైలు, దానిపై నొక ముద్ర. నిజముగా పని చేసినవాని పత్రమును, కొన్నవాని పత్రమును అది యొక్క తీరుననే పుచ్చుకొనును. కొన్నవాని పత్రమే యొకప్పుడు నిగనిగలాడుచుండును గూడ!

న్యాయస్థానములో నొక యెలక్ట్రానిక్ దాఖలాను సాక్ష్యముగా బెట్టవలెనన్నచో, 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను క్రింద ధ్రువపత్రము జతపఱుపవలెను. ఎదిరిపక్షము దానిని ప్రశ్నింపవచ్చును. అప్పు దావాకే యింత జాగ్రత్త యుండగా, పడుచువాని భవిష్యత్తును తేల్చు నక్షత్రములకు సాక్ష్యము లేదు, ప్రశ్న లేదు, అప్పీలు లేదు! ఇది యే న్యాయము?

“ఒక్కొక్క యధ్యాపకునకు పదులకొలది విద్యార్థు లుండగా అందఱ నెట్లు చూతుము? కాగితపు దినచర్యను మాత్రము కాపీ కొట్టలేదా? పక్షపాతము లేదా?” అని కళాశాలలవారు మమ్ము నడుగుచున్నారు. న్యాయమైన ప్రశ్న. పాతకాగితము పవిత్రమని మేమనలేదు. దాపఱికము, జాప్యము, సిఫారసు కాగితముతోనే పెరిగినవి. యంత్రము వీనికి మందు కాగలదు. కాని దానిని గుమాస్తాగా నియమింపవలెను గాని జడ్జీగా గాదు. గుమాస్తా దాఖలాలను క్రమముగ బెట్టును, తీర్పు వ్రాయడు.

కావున నిట్టి యేర్పాటును కట్టువారిని మేము కోరునవి యివి. మొదటిది, పనిలో చేరకమునుపే యేమి నేర్పెదరు, ఏమి చేయింతురు అనునది విద్యార్థి, కళాశాల, పని యిచ్చువారు మువ్వురును వ్రాసికొనవలెను. తుదిమార్కు దానితో పోల్చి వేయవలెను. రెండవది, దినచర్యను తెలుగులో వ్రాయుటకు వీలుండవలెను. సంకేతము లేనిచోట ఫోనులోనే నిలిచి, ఉన్నచోటికి వచ్చినపుడు చేరవలెను. మూడవది, కారణము వ్రాయని యంకెను యంత్రము స్వీకరింపరాదు. ఈ దిన మీ పని నిట్లు చేసెనని యొక దృష్టాంతమైన నుండవలెను. నాల్గవది, మార్కు స్థిరపడకముందు విద్యార్థికి చూపి సమాధానము పుచ్చుకొనవలెను. మార్చినయెడల ఎవరు, ఎప్పుడు, ఏల మార్చిరో చెరగని జాడ యుండవలెను. అయిదవది, తుదిమాట మౌఖిక పరీక్ష చేసిన యధ్యాపకునిదే కావలెను. కొన్న పత్రము పదినిముసముల ప్రశ్నకు నిలువజాలదు. ఆఱవది, విద్యార్థియు తనకు పని యిచ్చినవారిని తూచవలెను. పని నేర్పిరా, టీ తెప్పించుకొనిరా? ఆడుపిల్లకు నిర్భయముగ నుండెనా? మార్కులు తేలువఱకు ఆ మాట వారికంట బడరాదు. ఏడవది, హాజరునెపమున పగలంతయు పిల్లల జాడ తీయరాదు. పార్లమెంటు 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము తప్పుడు సమాచారమును దిద్దించుకొను హక్కును ఒప్పుకొన్నది. ఆ హక్కు విద్యార్థికిని జెల్లవలెను.

ఇందులో కోటులు కావలసిన దేదియు లేదు. కావలసినది శ్రద్ధ. కళాశాలల నని మేము తప్పించుకొనజాలము. వకీళ్లము, వైద్యులము, వర్తకులము, మనయొద్దకు వచ్చిన పిల్లలకు మన మేమి నేర్పితిమి? మేమును ఒక యేడు, తొందరలో, చదువకయే యొక విద్యార్థి పత్రముపై సంతకము చేసితిమి. అతడేమి నేర్చెనో నేటికిని మాకు దెలియదు. ఆ సంతకము అబద్ధసాక్ష్యమే. యంత్రము చూడని దోషమునకు ముందు మనము చూడని దోషమున్నది.

పఠనమందిరములలో నీ పత్రిక చదువు పెద్దలారా! ఈ యేట మీ బిడ్డ శిక్షణనుండి ఇంటికి వచ్చినపుడు ఎన్ని నక్షత్రములు వచ్చినవని యడుగకుడు. ఏమి చేసితివి, ఎవరు చూపిరి, ఎక్కడ తప్పితివి అని యడుగుడు. అతడు చెప్పగలిగినచో కళాశాలకు పోయి ఆ ప్రశ్నలనే అక్కడను అడుగుడు. చెప్పలేనిచో మఱింత త్వరగా పొండు.