ఎగరని విమానం

మా మేడ మీది చిన్నగదిలో బోయింగ్ 737 విమానపు కాక్‌పిట్ ఒకటి ఉంది. ప్లైవుడ్డు, పాత కారు సీట్లు, కొన్ని వందల స్విచ్చులు, బారల కొద్దీ తీగలు దాని ముడిసరుకు. పదేళ్ళుగా సెలవురోజుల్లో కూర్చుని కట్టుకుంటున్నాను. ఇంకా పూర్తి కాలేదు. అవుతుందన్న భ్రమ కూడా లేదు. చూడవచ్చిన బంధుమిత్రులు ముందుగా "ఎంత ఖర్చయిందేమిటి?" అంటారు. ఆ ప్రశ్నకు మా ఆవిడ వినని చోట మాత్రమే జవాబు చెబుతాను. తర్వాత సీట్లో కూర్చుని, దీపాలన్నీ వెలిగించి, "అచ్చం నిజం విమానంలాగే ఉందండీ" అంటారు. ఒకప్పుడు ఆ మాటకు పొంగిపోయేవాణ్ణి. ఇప్పుడు మాత్రం వాళ్ళచేత గది తలుపు వెనక అంటించిన ఒక కాగితం చదివిస్తాను. దాని శీర్షిక "ఈ యంత్రం చెప్పే అబద్ధాలు". కింద ఇరవై అంశాలుంటాయి.

ఇంట్లో కాక్‌పిట్ కట్టుకునే ప్రతివారి దగ్గరా ఇలాంటి కాగితం ఒకటి ఉండితీరాలని నా అభిప్రాయం. నకలు ఎంత బాగా కుదిరితే ఆ కాగితం అవసరం అంత పెరుగుతుంది. ఎందుకో వివరిస్తాను.

ఈ వ్యాసంగం ఎరుగనివారి కోసం ముందు నాలుగు మాటలు. గాలి, బరువు, వేగం, ఎత్తు – ఈ లెక్కలన్నీ కంప్యూటరులోని సిమ్యులేటరు ప్రోగ్రాము చూసుకుంటుంది. బ్రూస్ ఆర్ట్‌విక్ రూపొందించిన ప్రోగ్రామును 1982లో మైక్రోసాఫ్ట్ సంస్థ విడుదల చేసింది. ఎక్స్-ప్లేన్, ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఫ్లైట్‌గేర్ వంటివి తర్వాత తోడయ్యాయి. చాలామంది కీబోర్డుతోనో జాయ్‌స్టిక్కుతోనో తృప్తిపడతారు. కొందరికి అది చాలదు. తెరమీద బొమ్మ స్విచ్చిని మౌసుతో నొక్కడం కాక, తలపైనున్న పలకలో అసలు స్విచ్చి ఎక్కడ ఉంటుందో అక్కడికి చెయ్యి చాచి వేయాలనిపిస్తుంది. పిచ్చి అక్కడ మొదలవుతుంది.

ఇందుకు 737ను ఎక్కువమంది ఎంచుకోవడానికి కారణాలున్నాయి. 1967లో తొలిసారి ఎగిరిన ఈ విమానం వేల సంఖ్యలో తయారైంది. కాలం తీరి తుక్కుకు వెళ్ళిన విమానాలనుంచి ఊడదీసిన పలకలు, మీటలు విదేశాల్లో అమ్మకానికి దొరుకుతాయి. పైగా ఆ కాక్‌పిట్‌లో చేతికి పని ఎక్కువ. అసలు భాగాలు కొనే తాహతు లేని నావంటివారు కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే స్విచ్చులతోనూ, చవకైన ఆర్డుయినో బోర్డులతోనూ, మోబీఫ్లైట్ అనే ఉచిత సాఫ్టువేరుతోనూ నెట్టుకొస్తారు. నేను స్విచ్చి వేస్తే ఆ సంగతి బోర్డు కంప్యూటరుకు చేరవేస్తుంది. అక్కడి విమానంలో ఏదైనా చెడితే నా పలక మీద పసుపు దీపం వెలుగుతుంది. చెప్పడానికి ఇంతే. చేయడానికి మాత్రం ఒక్కొక్క పలకకు ఒక్కొక్క వేసవి పట్టింది.

నకలు విమానాల చరిత్ర మన కంప్యూటర్లకన్నా చాలా పాతది. అమెరికాలోని బింగమ్‌టన్ పట్టణంలో ఎడ్విన్ లింక్ అనే యువకుడి తండ్రికి పియానోలు, ఆర్గన్లు తయారుచేసే కర్మాగారం ఉండేది. ఆర్గన్‌లో గాలి నింపే తిత్తులను చూసి పెరిగిన లింక్ వాటినే పొట్టి రెక్కలున్న చెక్కపెట్టె కింద అమర్చి, 1929 నాటికి అటూ ఇటూ ఒరిగే శిక్షణ యంత్రాన్ని తయారుచేశాడు. మొదట్లో వాటిని ఎక్కువగా కొన్నది వినోదశాలలవారే. 1934లో అమెరికా సైన్యం విమానాల్లో ఉత్తరాలు మోసే పనికి పూనుకుంది. మంచులో, మబ్బుల్లో దారి తెలియక కొద్ది వారాల్లోనే పదిమందికి పైగా వైమానికులు చనిపోయారు. అప్పుడు సైన్యం లింక్ పెట్టెలు ఆరింటిని కొన్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో లక్షలాది వైమానికులు వాటిలోనే తొలిపాఠాలు నేర్చారు.

ఈ కథలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. లింక్ పెట్టెకు మూత వేస్తే బయటిదేదీ కనబడదు. ఆకాశం లేదు, నేల లేదు. ఎదురుగా ముళ్ళున్న గడియారాల వంటి పరికరాలు మాత్రమే. "నీ ఒళ్ళు చెప్పేది నమ్మకు, ముల్లు చెప్పేది నమ్ము" అన్న ఒక్క పాఠమే అది నేర్పేది. తనకు చేతకానిదేమిటో ఆ పెట్టె దాచుకోలేదు. ఎవరూ దాన్ని చూసి విమానమని పొరబడలేదు.

నేటి సిమ్యులేటర్ల సంగతి అలా కాదు. 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ సిమ్యులేటరు ఉపగ్రహ చిత్రాల ఆధారంగా భూగోళమంతా పరిచిపెట్టింది. మా ఇంటికి వచ్చినవారు తమ వీధి వెతుక్కుని, డాబా గుర్తుపట్టి కేరింతలు కొడతారు. కన్ను నమ్మింది కనుక, తక్కిన దేహమంతా నమ్మేస్తుంది. నేనూ అలాగే నమ్మాను. నా నమ్మకం సడలింది ఒక చక్రం దగ్గర.

737లో ఇద్దరు పైలట్ల మధ్యనున్న దిమ్మెకు రెండు పక్కలా రెండు నల్లని చక్రాలుంటాయి. వీటిని ట్రిమ్ చక్రాలంటారు. విమానం తోకకు అడ్డంగా ఉండే రెక్క ఏ కోణంలో నిలవాలో ఇవి చెబుతాయి. మామూలుగా మోటారే ఆ రెక్కను కదుపుతుంది, దానితోబాటు చక్రాలు గలగలమంటూ తిరుగుతాయి. మోటారు మొరాయిస్తే రెండు స్విచ్చులతో దాన్ని ఆపేసి, చక్రంలోంచి పిడి బయటికి లాగి, చేత్తో తిప్పుకోవాలి. నేను ప్లైవుడ్డుతో చక్రాలు కోయించి, కారు వైపరు మోటారు పెట్టి, నల్లరంగు మీద తెల్లగీత గీసి, గలగల శబ్దం కుదిరేదాకా నెల రోజులు తంటాలు పడ్డాను. నా కాక్‌పిట్ మొత్తంలో అందరూ మెచ్చుకునే వస్తువు అదే.

2018 అక్టోబరు 29న ఇండొనేషియాలో, 2019 మార్చి 10న ఇథియోపియాలో రెండు 737 మ్యాక్స్ విమానాలు కూలిపోయాయి. మొత్తం 346 మంది మరణించారు. గాలి రెక్కను ఏ కోణంలో తాకుతున్నదో కొలిచే ఒక పరికరం తప్పు చెప్పడం, ఆ ఒక్కదాన్నే నమ్మి ఎంకాస్ అనే ఏర్పాటు విమానం ముక్కును పదేపదే కిందికి దించడం రెండింటిలోనూ జరిగింది. అంతకుముందు తరం 737 నడిపినవారు మ్యాక్స్‌లోకి మారడానికి సిమ్యులేటరులో శిక్షణ అక్కర్లేదన్నది అమ్మకాల్లో ఒక ఆకర్షణ. కంప్యూటరు మీద చదువుకునే పాఠంతో సరిపెట్టారు.

ఇథియోపియా ప్రమాదంపై 2019 ఏప్రిల్‌లో వచ్చిన ప్రాథమిక నివేదికను నా కాక్‌పిట్‌లోనే కూర్చుని చదివాను. ఆ పైలట్లు రెండు స్విచ్చులూ ఆపారు. చక్రాన్ని చేత్తో తిప్పబోయారు. పనిచేయడం లేదన్న మాట కాక్‌పిట్ రికార్డులో మిగిలింది. అప్పుడు విమానం మితిమీరిన వేగంతో ఉంది; తోక రెక్క మీద గాలి ఒత్తిడి అపారంగా ఉంటుంది. అలాంటప్పుడు చక్రం మనిషి బలానికి లొంగకపోవచ్చు.

కాగితం పక్కన పెట్టి నా సిమ్యులేటరులో అదే స్థితి కల్పించుకున్నాను. అదే వేగం, తోక రెక్క ముక్కును దించే వైపే. స్విచ్చులు ఆపాను. పిడి లాగి చక్రం తిప్పాను. అది చూపుడువేలికి తిరిగింది. ముక్కు మెల్లగా పైకి లేచింది. నేను బతికాను.

ఆ రోజు కలిగిన సిగ్గు నాకింకా గుర్తుంది. మూడేళ్ళుగా ఆ చక్రం నాకొక అబద్ధం నేర్పుతూ వచ్చింది. "మోటారు చెడితే చేత్తో తిప్పుకోవచ్చులే" అన్న ధీమా నాకు వచ్చినది పుస్తకంలోంచి కాదు, నేను కోయించిన చెక్కముక్కలోంచి. చూపుకు నిజం, చేతికి అబద్ధం. చూపుకు అంత నిజంగా లేకపోయి ఉంటే చేతికి కలిగిన అనుభవాన్ని నమ్మేవాణ్ణి కాదు.

ఇది నాబోటి ఔత్సాహికుల లోపమేనా అంటే, కాదు. చక్రాన్ని చేత్తో తిప్పడంలోని కష్టం మ్యాక్స్ సిమ్యులేటర్లలోనూ సరిగా రాలేదని బయటపడింది. సిమ్యులేటరు సాఫ్టువేరును సరిదిద్దినట్లు 2019 మే నెలలో బోయింగ్ సంస్థ ప్రకటించింది. 2020 జనవరిలో, మ్యాక్స్ నడపబోయే పైలట్లందరికీ సిమ్యులేటరు శిక్షణ అవసరమని ఆ సంస్థే సిఫార్సు చేసింది. కోట్ల ఖరీదు చేసే యంత్రాలకే తప్పనిది మా ప్లైవుడ్డుకు తప్పుతుందా?

తలుపు వెనక కాగితం ఆ వారమే పుట్టింది. మొదటి అంశం ట్రిమ్ చక్రం. రెండోది యోక్. అసలు విమానంలో వేగాన్నిబట్టి చేతికి తగిలే బరువు మారేలా ప్రత్యేకమైన ఏర్పాటు ఉంటుంది. నా యోక్ వెనక ఉన్నవి స్ప్రింగులు, వాటికి వేగం తెలియదు. మూడోది, ఒంటికి తెలిసేదేదీ ఇక్కడ లేదు. ఎంత ఒరిగినా నా కుర్చీ నేలమీదే ఉంటుంది, కడుపులో తిప్పదు. నాలుగోది, నా వెనక గోడనున్న సర్క్యూట్ బ్రేకర్లన్నీ రంగు ప్రింటు తీసి అంటించినవి. ఇలా ఒక్కొక్కటీ దొరికినకొద్దీ చేరుస్తూ వచ్చాను. ట్రిమ్ చక్రానికి తర్వాత సైకిలు బ్రేకు రబ్బర్లు బిగించి, వేగం పెరిగినకొద్దీ అవి గట్టిగా పట్టేలా చిన్న సెర్వో మోటారు పెట్టాను. ఇప్పుడు రెండు చేతులా ఊపిరి బిగబట్టి తిప్పాలి. అయినా జాబితాలో ఆ అంశాన్ని కొట్టివేయలేదు. "బరువు ఉంది, ఎంతన్నది నా ఊహ" అని మార్చి రాశాను.

ఇదే వ్యాసంగంలో ఉన్న ఒక మిత్రుడికి నా పద్ధతి నచ్చదు. "సరదాకోసం కట్టుకున్నదానికి ఈ ప్రాయశ్చిత్తమేమిటండీ? మనమేమైనా ప్రయాణికుల్ని ఎక్కించుకుంటున్నామా? నాటకం చూస్తూ రాజు కిరీటం అట్టతో చేసిందని పక్కవాడి చెవిలో చెబుతామా?" అంటాడు. అతని మాటలో బలముంది. ఆటలో మైమరపు లేకపోతే ఆట ఎందుకు? కానీ నాటకం చూసి ఇంటికెళ్ళినవాడు తానే రాజునని అనుకోడు. సిమ్యులేటరులోంచి లేచినవాడు మాత్రం తనకు విమానం నడపడం కొంత వచ్చుననే అనుకుంటాడు. నిజానికి కొంత వస్తుంది కూడా. వరుస తప్పకుండా తనిఖీ చేసుకోవడం, పరికరాలను చదవడం, దిగే వేళ ముందుగా ఆలోచించుకోవడం – ఇవి నా కాక్‌పిట్ నిజాయితీగానే నేర్పుతుంది. వచ్చినదానికీ రానిదానికీ మధ్య గీత కనబడకపోవడమే చిక్కు.

ఆ గీత గీయడం వృత్తిలో ఉన్నవారికి కొత్త కాదు. విమానసంస్థలు వాడే పూర్తిస్థాయి సిమ్యులేటర్లకు ఏ నుంచి డి వరకు శ్రేణులున్నాయి. అన్నిటికన్నా పైదైన డి శ్రేణి యంత్రం కూడా అసలు విమానం నుంచి సేకరించిన కొలతలతో పోల్చి పరీక్షించాకనే వాడకానికి వస్తుంది. ఆ పరీక్షలు తర్వాతా కొనసాగుతూనే ఉంటాయి. నకలు ఎంతవరకు నమ్మదగినదో రాసిపెట్టుకోవడం అక్కడ నియమం. మనకు నియమాలు పెట్టేవారెవరూ లేరు కనుక మనమే పెట్టుకోవాలి.

కిందటి వేసవిలో మా మేనల్లుడు వచ్చి నెల రోజులు ఉన్నాడు. పదమూడేళ్ళవాడు. పది రోజుల్లో శంషాబాదులో చక్కగా దిగడం నేర్చాడు. ఒకరోజు భోజనాల దగ్గర, "మామయ్యా, నిజం విమానంలో పైలట్లకు ఒంట్లో బాగులేకపోతే నేను దింపేస్తాను" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, వాడి ముఖంలో నా పాత ముఖమే కనబడింది. పైకి తీసుకెళ్ళి జాబితా చదివించాను. చిన్నబుచ్చుకుంటాడేమోనని భయపడ్డాను. వాడు మాత్రం పంతొమ్మిది అంశాలూ చదివి, "నువ్వు ముఖ్యమైనది మర్చిపోయావు మామయ్యా" అని, కలం తీసుకుని ఇరవయ్యోది తానే రాశాడు: "పాజ్ మీట".

అన్నేళ్ళలో నాకది తట్టలేదు. నేల దగ్గరపడి చేతులు వణికినప్పుడల్లా ఆ మీట నొక్కి, కాఫీ తాగి, పుస్తకం తిరగేసి, మళ్ళీ మొదలుపెట్టినవాణ్ణి నేనే.

కాక్‌పిట్ కట్టాలని సరదాపడేవారు నిస్సంకోచంగా కట్టండి. ఇంతకన్నా మంచి కాలక్షేపం నేనెరుగను. చెక్కపని, విద్యుత్తు, గణితం, ఓర్పు అన్నీ ఒకేచోట దొరుకుతాయి. ఒక్క పలకతో మొదలుపెట్టండి. ఆ పలకను గోడకు బిగించిన రోజునే పక్కన ఒక తెల్లకాగితం కూడా అంటించండి. మా జాబితాలో ఇరవయ్యో అంశం కింద ఇంకా చోటుంది. వచ్చే వేసవిలో వాడు మళ్ళీ వస్తానన్నాడు.