కడలి క్రింది సొత్తు

కృష్ణా గోదావరీ నదులు సముద్రమున గలియు చోట్లకు ఎదురుగా, కడలి యడుగున, చమురును సహజవాయువును గలవని మనవారు కనుగొని నలువదియైదేండ్లు దాటినది. 1978లో నరసాపురమున తొలిబావి త్రవ్వబడినది. 1980లో సముద్రమునందు జాడ చిక్కినది. 1987లో రవ్వ క్షేత్రము బయల్పడినది. అప్పటినుండి ఈ సొత్తును గురించి వెలువడిన అంకెలను వరుసగా చూచినవారికి, మన సముద్రము ఒక యేట కుబేరుని భాండాగారముగను మరియొక యేట ఎండిన చెరువుగను కన్పట్టుట వింతగా నుండకపోదు. ఇందు సముద్రము చేసిన తప్పేమియు లేదు. రాతిని చదువకముందే లెక్క వ్రాసికొన్నవారిదే తప్పు.

ఈ సొత్తు ఎట్లు పుట్టినదో పాఠకులు కొంచెము ఓపికతో వినవలెను. ఏలయన తక్కిన వివాదమంతయు దానిమీదనే నిలిచియున్నది. సుమారు 13 కోట్ల యేండ్ల క్రిందటివరకు మన తూర్పుతీరమును అంటార్కిటికాయు ఒక్కటే భూమి. ఆ భూమి సాగి చీలినది. చీలినచోట నేల సమముగా దిగలేదు. బాపట్ల, తణుకు, కైకలూరు ప్రాంతముల క్రింద కొన్ని భాగములు గట్లవలె నిలిచిపోగా, వాని నడుమనున్నవి లోయలై క్రుంగినవి. ఈ గట్లును లోయలును నైరృతినుండి ఈశాన్యమునకు, ఇంచుమించు తీరము వెంబడినే సాగియున్నవి. పైన వరిచేలను చూచువానికి అవి కానరావు. ఆ లోయలలోనికి మొదట ఏటిమన్నును, పిమ్మట సముద్రమును ప్రవేశించినవి. అడుగున ప్రాణికోటి యవశేషములతో గూడిన నల్లని బురద పొరలు పొరలుగా పేరుకొన్నది. భూగర్భశాస్త్రజ్ఞులు దానిని రాఘవాపురపు షేలు అందురు. అది మన గోదావరి మండలమునందలి యొక పల్లె పేరు. ఆ బురద కిలోమీటరుల లోతున పూడి, భూమి వేడికి ఉడికి, చమురును వాయువును ఈనినది.

ఆ మీదట నదులు కోట్ల యేండ్లు తెచ్చిపోసిన ఇసుక సముద్రపు వాలున జారి, లోతునీటి యడుగున కాలువలు కాలువలుగా పరచుకొన్నది. లోతునీటిలో చిక్కిన వాయువు మిక్కిలిభాగము ఈ లేత ఇసుకలలోనిదే. అది చాలవరకు లోతున ఉడికినది కాదు. సూక్ష్మజీవులు బురదను కుళ్ళింపగా పుట్టినది. కాలువ యిసుక చెరువువంటిది కాదు. ఒకచోట బావికి వాయువు తగిలినంత మాత్రమున ప్రక్కను గూడ గలదనుటకు వీలులేదు. నడుమ బురదగోడలు అడ్డుపడును. క్రిందినుండి నీరు ఎగదన్నును.

ఈ సంగతి తెలియనివారెవరు? అయినను జరిగినదేమి? 2000లో రిలయన్సు కంపెనీ వారికిని వారి భాగస్వాములకును వేలమున దక్కిన లోతునీటి భాగమున 2002లో వాయువు కనుగొనబడినది. 2009 ఏప్రిలులో ఉత్పత్తి యారంభమైనది. దినమునకు 8 కోట్ల ఘనపు మీటరులు వచ్చునన్నారు. 2010లో 6 కోట్లు దాటినది. 2013 నాటికి అందులో నాలుగవవంతు మిగిలినది. 10 లక్షల కోట్ల ఘనపుటడుగులని చెప్పిన నిలువ, 3 లక్షల కోట్లకు తగ్గినది. కంపెనీవారు భూగర్భమును నిందించిరి. ప్రభుత్వమువారు తగినన్ని బావులు త్రవ్వలేదని కంపెనీని నిందించిరి. తొలి క్షేత్రములు 2020 ఫిబ్రవరిలో మూతబడినవి. ఇంకొక భాగమున గుజరాతు ప్రభుత్వపు కంపెనీ 2005లో 20 లక్షల కోట్ల ఘనపుటడుగులని చాటినది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత మనవారు ఇట్టివారిని చూచియే చెప్పియుందురు. తుదకు 2017లో ఆ భాగమున 80 శాతపు వాటాను ఓ.ఎన్.జి.సి. కొనవలసివచ్చినది.

ఈ అంకెలను నమ్మి నష్టపోయినది ఎవరు? ఈ వాయువుమీద ఆశతో గోదావరి తీరమున విద్యుత్కేంద్రములు కట్టబడినవి. 2013లో వానికి ఇంధనము నిలిచిపోయినది. బ్యాంకుల అప్పులు మాత్రము నిలువలేదు. ఆ అప్పుల భారము చివరకు ఎవరి నెత్తిన పడునో వేరుగ చెప్పనేల?

ప్రకృతి సంపద ప్రజలదని 2010 మే నెలలో సుప్రీముకోర్టువారు స్పష్టముగ తీర్పు చెప్పిరి. మంచిదే. ప్రజలనగా ఎవరు? రాజ్యాంగమునందలి 297వ అధికరణము ప్రకారము కడలి క్రింది ఖనిజము కేంద్రమునకు చెందును. నేలమీది బావికి రాష్ట్రమునకు రాయల్టీ ముట్టును. సముద్రపు బావికి ముట్టదు. ఆ సొత్తు ఆంధ్రులదే యని మేము వాదింపము, భారతీయులందరిది. కాని గొట్టములు వచ్చి చేరునది మన యొడ్డునకు. చమురు వేదికల చెంతకు పడవ తీసికొనిపోరాదన్న ఆంక్ష మన జాలరులకు. 1995లో పాశర్లపూడి బావి బ్రద్దలై 65 దినములు మండినప్పుడు ఇండ్లు విడిచి పోయినవారు కోనసీమవారు. 2014 జూన్ 27వ తేదీని నగరము గ్రామమున వాయుగొట్టము పగిలి, తెల్లవారుజామున నిద్రలో నున్నవారిలో ఇరువదిమందికి పైగా అగ్నికి ఆహుతియైరి. అపాయము నేలమీద, ఆదాయము ఢిల్లీలో అను ఏర్పాటు న్యాయమని యెవరనగలరు?

2024 జనవరిలో ఓ.ఎన్.జి.సి. వారు మన లోతునీటినుండి చమురు తీయ నారంభించిరి. మరల పెద్ద అంకెలు వినవచ్చుచున్నవి. ఈ మారైనను ప్రతి క్షేత్రపు నిలువ అంచనాను, బావుల సంఖ్యను, యేటేట వచ్చిన ఉత్పత్తిని పక్క పక్కన వేసి ప్రభుత్వమువారు సామాన్యులకు తెలియు భాషలో ప్రకటింపవలెను, తెలుగునను ప్రకటింపవలెను. కోనసీమ నేల క్రుంగుచున్నదో లేదో తేల్చుటకు కొలతరాళ్ళు పాతించి, కొలతలను పంచాయతీలకు అందజేయవలెను. సముద్రపు రాయల్టీలో తీరరాష్ట్రమునకు చట్టముచేత భాగము కల్పింపవలెను. మన పార్లమెంటు సభ్యులు ఈ మూడింటిలో ఏ యొక్కదానినైనను వచ్చు సమావేశములలో ప్రశ్నగా వేయుదురేమో యని మేము కాచుకొని యున్నాము.