పరిశోధనకు పైకం పెట్టినదెవరు?

పోయిన నెల ఒక ఆదివారం సాయంకాలం మేము సంఘం వాచనాలయంలో పాత సంచికలు సర్దుకుంటూ వున్నాము. మా పేటలో అందరూ బాబాయిగారని పిలిచే పెద్దమనిషి ఒకరు గొడుగు గుమ్మంలోనే వుంచి లోపలికి వచ్చారు. జేబులోనుంచి మడత పెట్టిన కాగితాల కట్ట తీసి బల్లమీద పడవేశారు.

“ఏమయ్యా, పత్రికలో ప్రతి నెలా ఏదో ఒకటి రాస్తూనే వుంటావు గదా, ఇదేమిటో చెప్పు. మీ పిన్ని షుగరు జబ్బుకు వెళ్లే ఆసుపత్రిలో పరిశోధన అట. సంతకం పెట్టమంటున్నారు. మనమేమన్నా ఎలుకలమా, కుందేళ్లమా?”

కాగితాలు పదకొండు పేజీలు. సగం అరవం, సగం ఇంగ్లీషు. పిన్నిగారు అంగడిలో అరవం దంచినట్లు మాట్లాడుతారు గాని, చదవనూ రాయనూ వచ్చినది తెలుగు ఒక్కటే. బాబాయిగారికి అరవం చదవడం వచ్చును గాని, ఆసుపత్రి అరవం వారికీ కొరుకుడు పడలేదు. మేమూ కూడబలుక్కుంటూ చదివితే తేలినదేమిటంటే, రోగులు నెలకొకసారి డాక్టరును చూచిపోతే చాలునా, లేక నడుమ నర్సు టెలిఫోను చేసి మందు, తిండి సంగతి కనుక్కుంటూ వుంటే షుగరు ఎక్కువ అదుపులో వుంటుందా అన్నది వారు తేల్చుకోదలచిన ప్రశ్న. కొత్త మందు లేదు, సూది లేదు, కోత లేదు.

బాబాయిగారి కోపం అన్యాయమని మేము అనలేదు. పరిశోధన అన్న మాట వింటే మనవాళ్లకు గుండె దడ వుండనే వుంది. అందుకు కారణాలూ లేకపోలేదు. అయితే పరిశోధనలన్నీ ఒక తాను ముక్కలు కావు. మేము వారిని ఒకే ఒక్క మాట అడిగాము: “దీనికి పైకం పెట్టినది ఎవరండీ?”

వారు తెల్లబోయారు. “పైకంతో మనకేమి పని?” అన్నారు.

పని వున్నది. మందుల కంపెనీ తన కొత్త మాత్రమీద డబ్బు పోసి పరిశోధన చేయిస్తుంది. అది వ్యాపారం, అందులో తప్పు లేదు, అలా రాకపోతే కొత్త మందులే రావు. కాని రోగి మనసులో వుండే ప్రశ్నలు వేరు. ఈ పాత చవక మాత్ర పెద్దది వేసుకోవాలా, చిన్నది చాలునా? ఆసుపత్రిలో పడుకోవాలా, ఇంట్లో వుండి మందు మింగితే నయమవుతుందా? నాకు వచ్చిన జబ్బు మా పిల్లలకు అంటకుండా ఏమి చేయాలి? ఈ ప్రశ్నలకు జవాబు దొరికితే లాభపడే కంపెనీ ఏదీ లేదు. అందుచేత ప్రభుత్వమో, ప్రజల సొమ్ముతో నడిచే సంస్థో గ్రాంటు ఇస్తే తప్ప ఆ ప్రశ్నలు ప్రశ్నలుగానే వుండిపోతాయి. గ్రాంటు ఇచ్చినా, అది ఎక్కడో ప్రయోగశాలలో ఖర్చయితే చాలదు. రోజూ రోగులు వచ్చిపోయే ఆసుపత్రిలోనే, ఆ డాక్టర్ల, ఆ నర్సుల చేతుల మీదుగానే జరగాలి.

ఇందుకు దృష్టాంతం వెతుక్కుంటూ దూరం పోనక్కరలేదు, మన చెన్నపట్టణంలోనే వున్నది.

1950ల నాటికి క్షయ అంటే శానిటోరియమే. మన కుటుంబాలలో తాతముత్తాతల కబుర్లు వచ్చినప్పుడు మదనపల్లె ఆరోగ్యవరం పేరు వినని ఇల్లు తక్కువ. మంచి గాలి, మంచి తిండి, మంచం మీద విశ్రాంతి. వైద్యమంటే అప్పటికి అదే అనుకునేవారు. ఐసోనియాజిడ్ వంటి మందులు వచ్చిన తరువాత కూడా ఆ నమ్మకం వదలలేదు. కాని మంచాలెన్ని, రోగులెందరు? మంచం దొరికినా, సంపాదించే మనిషి ఏడాది పాటు ఊరవతల పడుకుంటే ఇంట్లో పొయ్యి ఎవరు రాజేస్తారు? పిల్లల తల్లి వెళ్లిపోతే చంటిదానికి పాలెవరు పడతారు?

ఈ ప్రశ్నను 1956లో సూటిగా పట్టుకున్నారు. భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి, ఈ నలుగురూ చేతులు కలిపి చేట్‌పట్‌లో ఒక కేంద్రం పెట్టారు. నగరంలోని ఇరుకు పేటలలో కాపురముండే బీద రోగులు 193 మందిని తీసుకున్నారు. ఎవరు ఇంట్లో, ఎవరు శానిటోరియంలో అన్నది డాక్టరు ఇష్టానికి వదలక, చీట్లు వేసిన పద్ధతిన పంచారు. ఇరుపక్షాల వారికీ ఒకటే మందు, ఐసోనియాజిడ్‌తో పి.ఏ.ఎస్., ఏడాది పాటు. శానిటోరియంలో వారికి తిండి బాగు, విశ్రాంతి బాగు. ఇంటి దగ్గర వారికి ఆ రెండూ కరువే. మందు ఇంట్లో సరిగా మింగుతున్నారో లేదో చూడడానికి చెప్పాపెట్టకుండా ఇళ్లకు పోయి మాత్రలు లెక్కపెట్టేవారు, మూత్రం పరీక్ష చేసేవారు. అత్తగారి నిఘా కంటె గట్టిదన్నమాట.

1959లో ఫలితం అచ్చయింది. ఏడాది ముగిసేసరికి శానిటోరియంలో నూటికి 92 మందికి, ఇంట్లో నూటికి 86 మందికి జబ్బు అణగింది. తేడా స్వల్పం. అంతకంటె ముఖ్యమైనది తరువాత తేలింది. ఇంట్లో రోగి వుండగా భార్యాబిడ్డలకు అంటుకుంటుందన్న భయం వున్నది గదా, ఆ ఇళ్లవారిని అయిదేళ్లు కనిపెట్టి చూచారు. రోగి శానిటోరియంలో వుండి వచ్చిన ఇళ్ల కంటె ఈ ఇళ్లలో ముప్పు ఎక్కువ లేదు. క్షయరోగికి ఇంటి దగ్గరే మందు ఇవ్వడం ప్రపంచమంతటా నడవడానికి దారి తీసినవాటిలో ఈ చెన్నపట్టణపు పరీక్ష ముఖ్యమైనది. ఆ కేంద్రం నేటికీ వున్నది. దానిని ఇప్పుడు జాతీయ క్షయ పరిశోధన సంస్థ అంటారు.

ఒక్క మాట ఇక్కడ అనుకోవాలి. ఈ పరీక్షకు పైకం పెట్టమని శానిటోరియాలు కట్టేవారిని అడిగివుంటే పెట్టేవారా? తమ మంచాలు అక్కరలేదేమో తేల్చుకోవడానికి ఎవరు ముందుకు వస్తారు?

కర్ణాటకంలో వున్న మన చదువరులకు మరొక కథ దగ్గరది. బెంగుళూరులో జాతీయ క్షయ సంస్థ 1959లో ఏర్పడింది. అందులో పనిచేసిన డి. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అనే ఇద్దరు తుమకూరు జిల్లా గ్రామాలలో క్షయ వున్నవారి దగ్గరకు పోయి వారి మాట విన్నారు. 1963లో తమ అధ్యయనాన్ని ప్రకటించారు. పల్లెటూరి వారికి జబ్బు సంగతి తెలియదు, వారికి బోధించాలి అని అంతకు ముందు పెద్దలందరి అభిప్రాయం. వీరు విన్నది వేరు. రోగులలో చాలామందికి ఒంట్లో ఏదో తేడా వున్నదని తెలుసు. సగం మందికి పైగా వైద్యం కోసం అప్పటికే ఎక్కడికో ఒకచోటికి వెళ్లివచ్చినవారే. దగ్గు మందు సీసా ఒకటి చేతిలో పెట్టి పంపివేస్తే తిరిగి వచ్చారు! తెలియనిది రోగికి కాదు, గుమ్మంలోకి వచ్చిన రోగిని గుర్తుపట్టలేని ఆసుపత్రికి. ఈ అధ్యయనం మాకు మిక్కిలి ఇష్టం. మందులేదు, యంత్రం లేదు, కూర్చుని అడిగి విన్నారు, అంతే. దేశపు క్షయ నివారణ కార్యక్రమం ఊరూరి సాధారణ ఆసుపత్రులలోనే కఫపరీక్ష జరగాలన్న పద్ధతి మీద నిలవడానికి ఇటువంటి పని ఆధారమైంది.

ఇక, అమెరికాలో పిల్లలున్న చదువరులు మనలో తక్కువ కాదు గనుక, అక్కడ పైకం ఎట్లా పోగుచేస్తారో కూడా చెప్పుకోవడం బాగుంటుంది. 2010లో చేసిన ఆరోగ్య చట్టంలో రోగుల ప్రశ్నలకు జవాబు వెతకడం కోసమని ప్రత్యేకంగా ఒక సంస్థను ఏర్పరచారు. పేరు పొడుగు, పికోరి అని పొట్టిగా పిలుస్తారు. ఆరోగ్య బీమా వున్న మనిషికి ఇంత అని ఏటా చిన్న రుసుము వసూలుచేసి దాని నిధిలో జమకడతారు. 2019 డిసెంబరులో ఆ ఏర్పాటును మరి పదేళ్లు పొడిగించారు. ఎవరికి గ్రాంటు ఇవ్వాలో అర్జీలు పరిశీలించే సభలో శాస్త్రజ్ఞులతో పాటు రోగులూ కూర్చుంటారు. ఇది మాకు నచ్చిన సంగతి.

ఆ సంస్థ పైకంతో జరిగినదే ఆస్పిరిన్ పరీక్ష. గుండెజబ్బు వున్నవారికి రోజుకు 81 మిల్లీగ్రాముల మాత్ర మేలా, 325 మిల్లీగ్రాములది మేలా? ఎన్నో ఏళ్లుగా డాక్టర్లు ఎవరికి తోచినది వారు రాస్తున్నారు. ఆసుపత్రుల రికార్డుల నుంచే రోగులను గుర్తించి 15,076 మందిని చేర్చుకున్నారు. పరీక్షను రూపొందించడంలో గుండెజబ్బు వున్న రోగులే కొందరు పాలుపంచుకున్నారు. 2021లో ఫలితం వచ్చింది. మరణం, గుండెపోటు, పక్షవాతం, ఈ మూడింటి లెక్కలో రెండు మాత్రలకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అయితే పెద్ద మాత్ర వంతు వచ్చినవారిలో నూటికి 41 మందికి పైగా నడుమలోనే చిన్నదానికి మారిపోయారు. కనుక తీర్పు పూర్తిగా గట్టిదనడానికి వీలులేదు. అన్నట్లు, ఇది చదివి ఎవరూ తమ ఆస్పిరిన్ తామే మార్చుకోకూడదు సుమా. డాక్టరును అడగాలి.

మళ్లీ మన దేశానికి వద్దాము. చెన్నపట్టణపు పరీక్షలో ఇంటి తిండి తక్కువైనా మందు పనిచేసిందని చూచాము గదా. మరి తిండి లెక్కలోకి రానేరాదా? ఈ ప్రశ్నను మంగళూరు యెనెపోయ వైద్య కళాశాలకు చెందిన అనురాగ్ భార్గవ, మాధవీ భార్గవ ఎత్తుకున్నారు. చెన్నపట్టణపు క్షయ పరిశోధన సంస్థ వారితో చేయి కలిపింది. పైకం భారత వైద్య పరిశోధన మండలిది. జార్ఖండ్‌లో నాలుగు జిల్లాలు, 2,800 మంది రోగులు, వారి ఇళ్లలోని 10,345 మంది. పరీక్ష వేరే భవనంలో జరగలేదు, ప్రభుత్వ క్షయ కార్యక్రమంలోనే అతికించి నడిపారు. రోగులందరికీ నెలనెలా తిండిసామాను ఇచ్చారు. ఇళ్లవారిలో మాత్రం ఒక భాగానికే మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇచ్చారు. రెండవ భాగం వారు యథాప్రకారం తమ తిండి తాము తిన్నారు.

2023లో అచ్చయిన ఫలితం చూస్తే, తిండి అందిన ఇళ్లలో కొత్తగా క్షయ రావడం నూటికి 39 వంతులు తగ్గింది. బియ్యం, పప్పు! ఏ మందుల కంపెనీ ఈ సంగతి కనిపెట్టడానికి డబ్బిచ్చేది? రెండవ భాగం ఇళ్ల సంగతి చదివినప్పుడు మాత్రం మా మనసు చివుక్కుమన్నది. ఆకలి వున్న ఇంటిని ఆకలితోనే వుండనిచ్చి లెక్క రాసుకోవడం తేలికగా మింగుడుపడేది కాదు. పోల్చి చూడడానికి వేరే మార్గం లేదంటారు. లేకపోవచ్చును. అయినా ఆ ఇళ్లకు మనం బాకీపడ్డామనే మేము అనుకుంటున్నాము. క్షయరోగికి తిండి ఖర్చుకని ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇస్తూ వచ్చి, 2024 నవంబరు నుంచి వెయ్యి చేసింది. ఇంట్లో మిగతావారి పళ్లెం సంగతి ఇంకా మిగిలే వుంది.

ఇదంతా బాబాయిగారికి ఒక్కరోజున చెప్పలేదు లెండి, రెండు మూడు సాయంకాలాలు పట్టింది. వారు విని, “సరే, పైకం ఎవరిదో ఎట్లా తెలుస్తుంది?” అన్నారు. మందులనూ చికిత్సలనూ మనుషుల మీద పరీక్షించే పనులను మన దేశంలో 2009 నుంచి ఒక బహిరంగ రిజిస్ట్రీలో నమోదు చేయవలసివుంది. పైకం ఇచ్చినదెవరో అందులో రాసివుంటుంది, ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మా మనుమడు సెల్ ఫోనులో రెండు నిమిషాలలో తీసి చూపించాడు. పిన్నిగారి పరిశోధనకు ఇచ్చినది ప్రభుత్వ గ్రాంటే.

తరువాత అసలు చిక్కు మిగిలింది. వైద్య పరిశోధన మండలి 2017 నియమావళి ప్రకారం అంగీకార పత్రం రోగికి అర్థమయ్యే భాషలో వుండాలి. చదువు రానివారయితే, పరిశోధనతో సంబంధంలేని సాక్షి ఒకరు దగ్గర వుండగా చదివి చెప్పాలి. చేరిన తరువాత ఎప్పుడైనా మానుకోవచ్చు, అందువల్ల మామూలు వైద్యానికి లోటు రాకూడదు. మూడు తరాలుగా, నాలుగు తరాలుగా ఇక్కడే వుంటున్న మనకు ఈ మొదటి నియమమే ముఖ్యం. ఇంట్లో తెలుగు, వీధిలో అరవమో కన్నడమో ఒరియాయో, కాగితం మీద ఇంగ్లీషు. ఈ మూడింటి నడుమ మన ఆడవారి సంతకాలు ఎన్ని అర్థం కాకుండా పడ్డాయో లెక్కవేసినవారు లేరు.

బాబాయిగారు పిన్నిగారిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లారు. పిన్నిగారే మాట్లాడారట. “ఫోను చేసే నర్సమ్మ ఏ భాషలో చేస్తుంది?” అని మొదటి ప్రశ్న. అరవంలో అని జవాబు. అది ఫరవాలేదన్నారు. “కాగితం మాత్రం తెలుగులో ఇవ్వండి, చదువుకుని పెడతాను” అన్నారు. అక్కడి చిన్న డాక్టరమ్మ కొంచెంసేపు ఆలోచించి, ఇంతవరకు ఎవరూ అడగలేదు, నీతి సంఘం వారికి రాసి తెలుగు ప్రతి తయారుచేయిస్తాము అన్నదట.

ఈ సంచిక అచ్చుకు వెళ్లేనాటికి ఆ కాగితం రాలేదు. వస్తే అచ్చుతప్పులు దిద్దిపెట్టవలసినదని బాబాయిగారు మాకు ముందే పురమాయించారు.