కొర్టోనా వేసవి చదువుకు ఖర్చు ఎవరు పెట్టాలి?

ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో కొర్టోనా అనే చిన్న కొండ ఊరు ఉంది. రోమన్ల కంటే ముందు ఎట్రుస్కన్లు పేర్చిన రాతిగోడలు దాని చుట్టూ ఇప్పటికీ కనిపిస్తాయి. అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయం 1970 నుంచి తన కళా విద్యార్థులను ఇక్కడికి తీసుకొస్తోంది. శిల్ప అధ్యాపకుడు జాక్ కీహో మొదలుపెట్టిన ఏర్పాటు ఇది. వేసవిలో వచ్చిన విద్యార్థులు బొమ్మలు గీస్తారు, అచ్చు చిత్రాలు తీస్తారు, మట్టి పని, రాతి పని చేస్తారు, చివర్న ఊరివాళ్లకు ప్రదర్శన పెట్టి క్రెడిట్లు తీసుకుని వెళ్తారు. అమెరికా విశ్వవిద్యాలయాలు నడిపే ఇలాంటి కార్యక్రమాలు చాలానే ఉన్నాయి. వాటి మాట ఎత్తగానే వినబడే విమర్శ ఒకటే: ఉన్నవాళ్ల పిల్లల వేసవి షికారు, పైగా దానికి మార్కులు కూడానా అని. ఆ విమర్శలో సగం నిజముంది. కానీ ఆ నిజం చదువుకు సంబంధించింది కాదు, ఫీజు కట్టించే పద్ధతికి సంబంధించింది. రసాయనశాస్త్రం చదివే విద్యార్థికి ప్రయోగశాల ఎంత అవసరమో, చిత్రకళ చదివేవాడికి అసలు పని ముందు నిలబడి చెయ్యి ఆడించడం అంత అవసరం. ప్రయోగశాల ఖర్చును కోర్సులో కలుపుకునే విశ్వవిద్యాలయం దీన్ని మాత్రం ఇష్టమైతే వెళ్లే యాత్రగా లెక్కగడుతోంది. తప్పు అక్కడుంది.

ఆ అవసరం ఏమిటో ఒక్క గోడ చూస్తే తెలుస్తుంది. కొర్టోనా నుంచి రైల్లో అరగంట దూరంలో అరెజ్జో ఉంది. అక్కడి శాన్ ఫ్రాంచెస్కో చర్చిలో పియెరో డెల్లా ఫ్రాంచెస్కా పదిహేనో శతాబ్దం మధ్యలో వేసిన కుడ్యచిత్రాలు ఉన్నాయి. ఇటలీ ఫ్రెస్కో పద్ధతిలో తడి సున్నం పూత మీద నీళ్లలో కలిపిన రంగు వేస్తారు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మళ్లీ రాయిగా మారేటప్పుడు రంగును తనలో బంధిస్తుంది. పూత ఆరితే పని అయిపోయినట్టే. అందుకని ఆ రోజు గీయగలిగినంత మేరకే పూత పూస్తారు, మర్నాడు దాని అంచుకు కొత్త పూత అతుకుతారు. గోడకు పక్కవాటంగా దీపం పెడితే ఆ అతుకులు బయటపడతాయి. ఆకాశం లాంటి చోట పెద్ద ముక్క, ఒక ముఖం దగ్గర చిన్న ముక్క: చిత్రకారుడు ఏ రోజు ఎంత సాహసించాడో గోడే చెబుతుంది. పియెరో నిదానంగా పనిచేసేవాడు. పూత ఆరిపోకుండా రాత్రిళ్లు తడిగుడ్డలు కప్పేవాడు. ఆ గుడ్డల నేత ముద్రలు ఆయన చిత్రాల మీద అక్కడక్కడా ఇంకా మిగిలి ఉన్నాయి. ఈ సంగతి పుస్తకంలో చదవచ్చు. కానీ తాను పూసిన సున్నం మధ్యాహ్నానికల్లా రంగు తాగడం మానేసినప్పుడు ఏం చెయ్యాలో తోచక ఒకసారి నిలబడ్డ విద్యార్థి ఆ గుడ్డ ముద్రను చూసే చూపు వేరు.

ఈ రోజుల్లో ఫొటోలు చాలవా అన్నది మొదటి అభ్యంతరం. తేలిగ్గా కొట్టిపారేసేది కాదిది. తాడు కట్టి దూరంగా నిలబెట్టిన చోట కన్ను పట్టలేని బీటల్ని కూడా పెద్ద రిజల్యూషన్ ఫొటో చూపిస్తుంది. అయితే ఫొటో ఒక్క కోణం నుంచి, ఒక్క వెలుతురులో తీసింది. కొర్టోనా మ్యూజియంలో ఫ్రా ఆంజెలికో చెక్క మీద వేసిన ‘అనన్సియేషన్’ (మరియకు దేవదూత కబురు చెప్పే దృశ్యం) ఉంది. దేవదూత రెక్కల మీద, చుట్టూ ఉన్న బంగారు రేకు మనం రెండడుగులు పక్కకు జరిగితే మెరుపు మార్చుకుంటుంది. అచ్చులో అది పసుపు రంగు, అంతే. అరెజ్జోలో పియెరో తన బొమ్మల్లోని వెలుగును ఆ గదిలోని నిజమైన కిటికీ దిక్కుకు సరిపెట్టి వేశాడు. కిటికీని వదిలేసి గోడను మాత్రమే ఫొటో తీస్తే సగం ఆలోచన కిటికీలోనే ఉండిపోతుంది.

నాలుగైదు వారాల్లో ఏం వస్తుందన్నది రెండో ప్రశ్న. ఫ్రాన్స్ రాజ్యం 1666లో రోమ్‌లో కళా అకాడమీ పెట్టి, పోటీలో గెలిచినవాళ్లను ఏళ్ల తరబడి అక్కడ ఉంచి పోషించింది. మన చిత్తూరు జిల్లాలో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో చదివి, లండన్‌లోని స్లేడ్ స్కూలుకు, అటునుంచి పారిస్‌కు వెళ్లి, హేటర్ నడిపిన అటెలియే 17 అనే వర్క్‌షాపులో ఏళ్ల పాటు పనిచేశాడు. ఒకే పలక మీద రంగుల చిక్కదనం మార్చి ఒకే అచ్చులో పలు రంగులు తెచ్చే పద్ధతికి ఆయన పేరు ముడిపడిపోయింది. అలాంటిది నెల రోజుల్లో జరగదు, జరుగుతుందని చెప్పే బ్రోషర్లను నమ్మక్కర్లేదు. నెల రోజుల్లో జరిగేది ఇంకొకటి: సున్నం కలపడం నుంచి పూర్తయిన పని దాకా ఒక ప్రక్రియ మొత్తం చేతికి తెలియడం. వారానికి రెండు మూడు క్లాసులుండే మామూలు సెమిస్టరులో ఇది కుదరదు. పూత ఆరే వేళకు గంట కొట్టేస్తారు కదా. తక్కువ రోజులైనంత మాత్రాన అది పనికిరానిది కాదు. రోజులో సగం బస్సెక్కి చర్చిలు లెక్కపెట్టే కార్యక్రమమైతే మాత్రం ఏ క్రెడిట్టూ ఇవ్వనక్కర్లేదు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం వేరే ఉంది. ఎప్పుడూ ఇటలీయేనా? చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ పారిస్‌లో చదువుకుని వచ్చి అజంతా, దక్షిణాది చూశాకే 1937 నాటి తన గొప్ప చిత్రాలు వేసింది. అజంతాదే ఇంకో కథ. 1920లో నిజాం ప్రభుత్వం అక్కడి గోడచిత్రాలను కాపాడేందుకు ఇటలీ నుంచి చెక్కోని అనే నిపుణుణ్ణి, ఆయన సహాయకుణ్ణి పిలిపించింది. పెచ్చులూడుతున్న రంగును వాళ్లు నిలబెట్టారు, నిజమే. కానీ వాడిన లక్క వార్నిష్ కాలం గడిచేకొద్దీ నల్లబడింది. దాన్ని తొలగించడానికి పురావస్తు శాఖ దశాబ్దాలు తంటాలు పడింది. అజంతాది ఇటలీ తరహా తడి సున్నం పని కాదు, ఆరిన మట్టి పూత మీద వేసిన రంగు. తమ గోడల గురించి బాగా తెలిసిన నిపుణులకు ఈ గోడ సంగతి పూర్తిగా అందలేదు. అంటే కొర్టోనాకు వెళ్లాలన్న వాదన లేపాక్షికి వెళ్లాలన్న వాదన కూడా అవుతుంది. అక్కడి వీరభద్రాలయం కప్పు మీది పదహారో శతాబ్దపు చిత్రాల్లో చీరల అంచులు, తలపాగాల మడతలు ఎలా గీశారో ఆ కప్పు కిందే నేర్చుకోవాలి. రాజస్థాన్‌లోని బనస్థలి విద్యాపీఠం ఫ్రెస్కో శిక్షణ శిబిరాలు నడిపి, జైపూర్ పద్ధతినీ ఇటలీ పద్ధతినీ పక్కపక్కనే నేర్పింది. దారి కొత్తదేమీ కాదు.

ఇక డబ్బు. అమెరికాలో చాలామంది డిగ్రీ విద్యార్థులకు వేసవి అంటే ఉద్యోగం చేసుకుని వచ్చే ఏడాదికి కూడబెట్టుకునే కాలం. వాళ్లకు ఇలాంటి కోర్సు ఖర్చు రెండింతలు: కట్టే ఫీజు, పోగొట్టుకునే జీతం. జార్జియా రాష్ట్రం ఇచ్చే హోప్ స్కాలర్‌షిప్ ట్యూషన్ వరకు అక్కరకొస్తుంది గానీ విమానం టికెట్టుకు, బసకు రాదు. ఫెడరల్ ప్రభుత్వమిచ్చే పెల్ గ్రాంటు పొందే పేద విద్యార్థుల కోసం 2000లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి పెట్టిన గిల్‌మన్ స్కాలర్‌షిప్ 5,000 డాలర్ల వరకు ఇస్తుంది. మంచిదే, కానీ అది పోటీ పడి తెచ్చుకునేది, పైగా పౌరులకు మాత్రమే. ఇండియా నుంచి వెళ్లి చదువుతున్నవాళ్లకు అది అందదు, వాళ్లు షెంగెన్ వీసా కూడా విడిగా తెచ్చుకోవాలి. అట్లాంటా చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు జార్జియా విశ్వవిద్యాలయం ఉన్న ఏథెన్స్ ఊళ్లో చదవడం మామూలే. బొమ్మల కోర్సుకు ఇటలీ దేనికని ఆ ఇళ్లలో అడిగే ప్రశ్నలో కళ మీద చిన్నచూపు కొంత ఉండొచ్చు. కానీ వేల డాలర్ల బిల్లును విశ్వవిద్యాలయమే ‘అదనం’ అని విడిగా పంపుతున్నప్పుడు తల్లిదండ్రులు దాన్ని అదనమనే అనుకుంటారు, తప్పేముంది?

కాబట్టి చెయ్యాల్సింది స్కాలర్‌షిప్పులు నాలుగు పెంచడం కాదు. స్టూడియో ఆర్ట్ డిగ్రీలో ఇలాంటి ఒక వేసవిని తప్పనిసరి చేసి, దాని ఖర్చును నాలుగేళ్ల ఫీజులో అందరికీ సర్ది, సహాయ నిధులన్నీ దానికీ వర్తింపజేయాలి. వెళ్లలేని పరిస్థితి ఉన్నవాళ్లకు దగ్గర్లోనే అలాంటి పని స్థలం చూపించాలి. అందరి ఫీజూ పెరుగుతుందంటారు. పెరుగుతుంది, కెమిస్ట్రీ ల్యాబు వల్ల పెరిగినట్టే. మన దగ్గరైతే ఖర్చు ఇంకా తక్కువ. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫైన్ ఆర్ట్స్ విభాగం కలిసి లేపాక్షిలో నెల రోజుల శిబిరం పెట్టడానికి విమానం టికెట్లు అక్కర్లేదు. పురావస్తు శాఖ అనుమతి, బసకు ఒక సత్రం, సున్నం పని తెలిసిన ఇద్దరు మేస్త్రీలు, ఆ నెలకు క్రెడిట్లు ఇస్తామని సిలబస్‌లో ఒక వాక్యం కావాలి.