తెర దించిన తరువాత

కావ్యాలన్నిటిలో నాటకమే రమ్యమైనదని పెద్దలు చెప్పారు. ఆ మాట ప్రేక్షకుల వైపు నుంచి చెప్పిన మాట. నాటకాన్నే నమ్ముకొని సంసారం ఈదుకొచ్చేవారిని అడిగితే, వారు దానికి మరొక మాట కూడా చేరుస్తారు: రమ్యమే గాని, నమ్మదగినది కాదు. ఈ రెండు మాటలూ నిజమే. మొదటి మాటను మనం తరతరాలుగా చెప్పుకొంటున్నాం. రెండవ మాటను గురించి కూడా ఆలోచించవలసిన బాధ్యత మనకు ఉందని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బళ్ళారి సీమలో చదువుకొనే తెలుగు పిల్లలకు నాటకం పరాయి విషయం కాదు. 'ఆంధ్ర నాటక పితామహుడు' అని పేరు పొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) ఈ ఊరిలోనే ఉండి, సరసవినోదినీ సభ ద్వారా నాటకాలు ఆడించారు. 'చిత్రనళీయం', 'విషాద సారంగధర' ఆయన రచనలే. ఆయన సమకాలికులు కోలాచలం శ్రీనివాసరావు (1854–1919) చారిత్రక నాటకాలకు ప్రసిద్ధులు. రామకృష్ణమాచార్యుల మేనల్లుడు తాడిపత్రి రాఘవాచార్యులు (1880–1946) బళ్ళారి రాఘవగా దేశమంతటా కీర్తి గడించారు. ఊరిలోని రాఘవ కళామందిరం ఆయన పేరు మీద వెలసినదే.

ఈ ముగ్గురిలో ఒక పోలిక ఉంది. ముగ్గురూ వకీళ్ళే. పగలు న్యాయస్థానం, రాత్రి రంగస్థలం. వారి పొయ్యి మీది ఎసరుకు బియ్యం వకీలు వృత్తి నుంచి వచ్చేది. కనుకనే వారు నాటకంలో సాహసాలు చేయగలిగారు. నాటకం మంగళాంతంగానే ముగియాలన్న పాత ఆచారాన్ని కాదని రామకృష్ణమాచార్యులు విషాదాంత నాటకం రాశారు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని రాఘవ పట్టుబట్టి, చదువుకొన్న స్త్రీలను రంగస్థలానికి తెచ్చారు. ఆ కాలంలో అది లోకనిందకు వెరవని పని. నాటకం మీద వచ్చిన సొమ్మును ఆయన ధర్మకార్యాలకు ఇచ్చేవారని ప్రతీతి. ఒక నాటకానికి జనం రాకపోతే వారికి మనస్తాపం కలిగేదేమో గాని, ఇంటిలో పస్తు ఉండే అవస్థ కలిగేది కాదు.

వారి గొప్పతనాన్ని తగ్గించడానికి ఈ మాట చెప్పడం లేదు. వారి వెనుక నిలిచినవారిని గుర్తు చేయడానికి చెబుతున్నాను. హార్మోనియం వాయించినవాడు, తబలా పట్టినవాడు, ముఖానికి రంగు పూసినవాడు, తెర లాగినవాడు, చిన్న చిన్న వేషాలు కట్టినవాడు – వీరికి వకీలు పట్టా లేదు. వీరిలో ఎందరి పేర్లు మనకు తెలుసు?

నాటకాన్నే జీవనాధారం చేసుకొన్నవారికి ఒకప్పుడు కంపెనీల ఆసరా ఉండేది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ' ప్రదర్శనతో మొదలైన సురభి సమాజం ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ నటులందరూ ఒకే కుటుంబంవారు. వసూలు బాగుంటే అందరూ తింటారు, లేకుంటే అందరూ సర్దుకొంటారు. కష్టమే గాని, ఆ కష్టంలో తోడు ఉంది. సినిమా వచ్చి, తరువాత టెలివిజన్ వచ్చి, కంపెనీలు ఒకటొకటిగా మూతపడిన పిమ్మట చాలామంది నటీనటులు ఒంటరివారయ్యారు. ఏ ఊరి నుంచి పిలుపు వస్తే ఆ ఊరికి పోవాలి. పిలుపు లేని నాడు ఇంటిలో ఉండాలి.

మన సరిహద్దు పల్లెలలో నాటకం జరిగే తీరు చూడండి. జాతరకో, ఉగాదికో ఊరి యువకులు ఒక పౌరాణిక నాటకం ఎత్తుకొంటారు. నెలల తరబడి సాధన చేస్తారు. చందాలు వేసుకొంటారు. కృష్ణుడి వేషం, దుర్యోధనుడి వేషం తామే కట్టుకొంటారు. పాటలూ పద్యాలూ నేర్పడానికి హార్మోనియం మేష్టరును, స్త్రీ పాత్రలకు నటీమణులను, దుస్తులూ కిరీటాలూ బాడుగకు ఇచ్చేవారిని బయటి నుంచి పిలిపిస్తారు. అంటే ఒకే రంగస్థలం మీద ఇద్దరు నిలబడి ఉంటారు: ఒకరు సరదా కోసం డబ్బు ఖర్చు పెట్టుకొన్నవారు, ఒకరు బ్రతుకు కోసం డబ్బు తీసుకొన్నవారు. దీపాల వెలుగులో ఇద్దరూ సమానంగానే కనిపిస్తారు. తెల్లవారిన తరువాత తేడా తెలుస్తుంది. యువకులు ఇంటికి పోయి నిద్రపోతారు. నటీమణి మరొక ఊరి బస్సు ఎక్కుతుంది.

ఆ బ్రతుకులో తీపి లేదని అనకూడదు. పద్యం బాగా ఎత్తుకొంటే వేయి గొంతులు 'వన్స్ మోర్' అంటాయి. చదివింపులు మైకులో వినిపిస్తాయి. ఈ రాత్రి తెలుగు పద్యం, రేపటి రాత్రి కన్నడ సంభాషణ. రెండు భాషల జనమూ తమ మనిషి అని అభిమానిస్తారు. బళ్ళారికి చెందిన సుభద్రమ్మ మన్సూర్ (1939–2020) కన్నడ వృత్తి నాటకాలలో పొందిన ఆదరణ అటువంటిదే. భాషల పేరిట మనుషులు వాదులాడుకొనే చోట ఈ కళాకారులు చడీచప్పుడు లేకుండా వంతెన కడుతున్నారు.

చేదు కూడా అంతే ఉంది. నాటకాల కాలం సంక్రాంతి నుంచి వేసవి చివరి వరకు. వానలు పడితే పిలుపులు ఆగిపోతాయి. ఆరు నెలల సంపాదనతో పన్నెండు నెలలు గడపాలి. బయానాగా ఇచ్చినది ప్రయాణానికే సరిపోతుంది. మిగిలినది నాటకం ముగిశాక ఇస్తామంటారు. ముగిశాక పెద్దమనుషులు కనిపించరు. జబ్బు చేస్తే సెలవు లేదు, గొంతు పోతే పని లేదు. 2020 మార్చి నెలాఖరున కరోనా కారణంగా దేశమంతా మూతపడింది. సరిగ్గా అది జాతరల కాలం. ఏడాది గడవడానికి ఆధారమైన రోజులే పోయాయి.

కొందరు ఇలా అంటారు: "ఇష్టపడి ఎంచుకొన్న బ్రతుకే కదా! కళ మీద ప్రేమ ఉంటే రాఘవగారి వలె వేరే ఉద్యోగం చేసుకొంటూ నాటకాలు ఆడవచ్చును." ఈ మాటలో కొంత న్యాయం ఉంది. ఏ వృత్తిలోకి దిగేవారైనా దాని కష్టనష్టాలు తెలుసుకొనే దిగాలి. అయితే ఊరూరా తిరిగి నెలల తరబడి నాటకం నేర్పే మేష్టరుకు వేరే ఉద్యోగం ఎలా కుదురుతుంది? అందరూ తీరిక వేళల్లోనే కళను సేవించాలంటే, కలిగినవారే కళాకారులు కావాలి. పేదవాడి గొంతులోని పద్యం గొంతులోనే ఆగిపోవాలి. అది కళకు మంచిది కాదు, సమాజానికీ మంచిది కాదు.

మరి దారి లేదా? ఫ్రాన్సు దేశంలో నాటక, చలనచిత్ర రంగాలలో అడపాదడపా పని దొరికేవారికి ఒక ఏర్పాటు ఉంది. పన్నెండు నెలలలో 507 గంటలు పని చేసినట్లు చూపగలిగితే, పని లేని రోజులకు నిరుద్యోగ భృతి లభిస్తుంది. అక్కడ కూడా దానిపై వాదాలు లేకపోలేదు. కాని రెండు ప్రదర్శనల నడుమ ఖాళీ రోజులు సోమరితనం కాదని, ఆ వృత్తి స్వభావమే అంతని ఆ దేశం అంగీకరించింది. ఆ అంగీకారం ముఖ్యం.

మన దేశంలో 2008లో అసంఘటిత కార్మికుల సాంఘిక భద్రతా చట్టం వచ్చింది. కర్ణాటక ప్రభుత్వం కష్టదశలో ఉన్న వృద్ధ కళాకారులకు మాసాశనం ఇస్తున్నది. ఇవి మంచి పనులే. అయితే మాసాశనం ముసలితనానికి ఆసరా. నడివయసులో వానాకాలం గడవడానికి అది ఉపయోగపడదు. పైగా మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అందులో చేరాయి; తక్కిన జిల్లాలో అధిక భాగం మైసూరు రాష్ట్రంలో చేరింది. రాష్ట్రాలు వేరయ్యాయి గాని నాటకం వేరు కాలేదు. రాయదుర్గంలో ఇల్లు, బళ్ళారి పల్లెలలో వేషం ఉన్న నటుడు ఏ రాష్ట్రపు కళాకారుడు? ఉభయ రాష్ట్రాలూ కలిసి ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

ప్రభుత్వాలు చేసేదాకా మనం ఊరుకోనవసరం లేదు. మర్యాద అంటే సభలో కప్పే శాలువా ఒక్కటే కాదు. ఒప్పుకొన్న సొమ్మును కాగితం మీద రాసి ఇవ్వడం మర్యాద. తెర ఎత్తకముందే ఆ సొమ్ము చేతిలో పెట్టడం మర్యాద. ప్రదర్శన తరువాత నటీమణులకు సురక్షితమైన బస చూపడం మర్యాద. కరపత్రంలో దాతల పేర్లతోబాటు తబలా వాయించేవారి పేరు కూడా అచ్చు వేయడం మర్యాద. వీటికి చట్టం అక్కరలేదు, ఊరివారి మనసు చాలు.

విద్యార్థులారా! మీ ఊరిలో ఈ ఏడు నాటకం జరిగితే తప్పక చూడండి. బాగుంటే చప్పట్లు కొట్టండి. మరునాడు పెద్దలను ఒక మాట అడగండి: "వచ్చినవారికి ఇవ్వవలసినది ఇచ్చి పంపారా?" పిల్లలు అడిగిన ప్రశ్నకు పెద్దలు జవాబు చెప్పక తప్పదు.